ఏది ముందు, ఏది వెనక?

ప్రశ్న: సార్, మాది పర్లాకిమిడి. పప్పులు, నూనెల హోల్‌సేల్ వ్యాపారం. బజారులో కొట్టు, ఊరి చివర గోడౌన్. రెండు చోట్లా ఒకే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, రాత్రికి లెక్కలు కలుస్తాయి. ఈ మధ్య కందిపప్పు స్టాకు మైనస్ 6 చూపించింది. తీరా చూస్తే, గోడౌన్ నుంచి 40 బస్తాలు పంపినట్టు 11:20కి ఎంట్రీ ఉంది. కొట్లో అవి అందినట్టు 11:12కి, వాటిలో 6 అమ్మినట్టు 11:15కి ఉంది. పంపకముందే సరుకు ఎలా వస్తుంది? మా వారికి గోడౌన్ కుర్రాడి మీద అనుమానం. నాకు మనసొప్పడం లేదు. రెండు కంప్యూటర్లలో టైమ్ ఒకటే ఉండేలా చేస్తే సరిపోతుందా? – ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, ముందు ఆ కుర్రాడి సంగతి. మీరు రాసిన ఎంట్రీల్లో దొంగతనం ఆనవాలు నాకు కనబడలేదు. 40 పంపితే 40 అందాయి. తేడా బస్తాల్లో లేదు, టైములో ఉంది. రాత్రి లెక్కలు కలిసేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఎంట్రీలన్నిటినీ టైము ప్రకారం వరసలో పెట్టి ఉంటుంది. ఇంకా పంపని సరుకు అందిందంటే ఒప్పుకోక దాన్ని పక్కన పెట్టి, అమ్మకాన్ని మాత్రం లెక్కలో వేసి ఉంటుంది. అదీ మీ మైనస్ 6.

టైము ఎందుకు తప్పింది? కంప్యూటర్‌లో గడియారం నడిపేది చిన్న క్వార్ట్జ్ స్ఫటికం. సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ కంపనంలో పది లక్షలకు 20 వంతుల తేడా రావడం మామూలే. అంటే రోజుకు సుమారు 1.7 సెకన్లు, ఏడాదికి పది నిమిషాలు. వేడికి ఇంకొంచెం మారుతుంది. అయితే మీ కొట్లో కంప్యూటర్‌ని రాత్రి పూర్తిగా ఆపేస్తుంటే, నాకు మొదట అనుమానం వచ్చేది లోపలి బిళ్ల బ్యాటరీ మీద. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్ 2032. అది నీరసపడితే కరెంటు లేనంతసేపూ గడియారం వెనకబడుతుంది.

బ్యాటరీ మార్చండి, నెట్ నుంచి టైము సరిచేసుకునే సెట్టింగు ఆన్‌లో పెట్టండి. దాని వెనక ఉన్న పద్ధతి పేరు ఎన్‌టీపీ (నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్). డేవిడ్ మిల్స్ తయారుచేశారు, 1985 నుంచి వాడుకలో ఉంది. మీ మెషీన్ సర్వర్‌ను టైమెంత అని అడుగుతుంది. కబురు పోయి రావడానికి పట్టిన సమయంలో సగం దారిలో గడిచిందనుకుని సరిచేసుకుంటుంది. పోయేటప్పుడు ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువ పడితే ఆ సగం లెక్క తప్పుతుంది. పైగా ముందుకు పరిగెత్తిన గడియారాన్ని ఒక్కసారిగా వెనక్కి తిప్పితే, ఒకే మెషీన్‌లో రెండో బిల్లు మొదటి బిల్లుకన్నా ముందు టైముతో పడొచ్చు. అందుకే మీ చివరి ప్రశ్నకు నా జవాబు: సరిపోదు.

అసలు అందరికీ ఒకే టైమ్ అన్నది మనం కుదుర్చుకున్న ఒప్పందం. మన దేశ కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖ కొరాపుట్ జిల్లా జయపురానికి దగ్గరగానే పోతుంది. మీ పర్లాకిమిడిలో సూర్యుడు అక్కడికన్నా ఆరు నిమిషాల ముందే నడినెత్తికి వస్తాడు. అయినా రెండు ఊళ్లలోనూ గడియారం ఒకటే చూపిస్తుంది.

మా నాన్నగారు రాయగడ లైన్‌లో స్టేషన్ మాస్టరుగా పనిచేశారు. రోజూ సాయంత్రం నాలుగింటికి కంట్రోల్ నుంచి టైమ్ సిగ్నల్ వచ్చేది, స్టేషన్ గడియారం సరిచేసేవారు. ఫోన్ మీద లైన్ క్లియర్, అంటే పక్క స్టేషన్ దాకా బండి పంపడానికి అనుమతి, తీసుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ గడియారాన్ని నమ్ముకుని బండి వదిలేవారు కాదు. పక్క స్టేషన్‌తో మాట్లాడి, అవతలివాళ్లు ఇచ్చిన ప్రైవేట్ నంబరు రిజిస్టర్లో రాసుకున్నాకే వదిలేవారు. ఒక్కో నంబరూ ఒక్కసారే వాడాలి కాబట్టి అవతలివాళ్లు దాన్ని తమ నంబర్ల షీటులో కొట్టేసేవారు. రిజిస్టర్లో టైమూ రాసేవారు, కానీ బండి కదలడానికి ఆధారం ఆ నంబరే. చిన్నప్పుడు ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని ఎన్నిసార్లు చూశానో. చాలా ఏళ్ల తర్వాత ఉద్యోగంలో చేరి కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్, వేర్వేరు మెషీన్లలో జరిగినవాటిలో ఏది ముందో ఏది వెనకో తేల్చడం గురించి 1978లో రాసిన వ్యాసం చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ రిజిస్టరే.

లాంపోర్ట్ చెప్పిన పద్ధతి మీ కొట్టుకే వర్తింపజేసి చూద్దాం. ప్రతి మెషీన్‌కీ గడియారం బదులు ఒక లెక్క ఉంటుంది. ఏ ఎంట్రీ పడ్డా ఒకటి పెరుగుతుంది. కబురు పంపితే ఆ అంకె కూడా దానితో వెళుతుంది. అందుకున్నవాళ్లు తమ అంకెనూ, వచ్చిన అంకెనూ చూసి, పెద్దదానికి ఒకటి కలుపుకుంటారు. గోడౌన్ లెక్క 214 దగ్గర ఉండగా చలాను బయల్దేరింది. కొట్టు లెక్క ఇంకా 190లోనే ఉంది. చలాను ఎంట్రీ చేయగానే అది 215 అవుతుంది, అమ్మకం 216. గోడ గడియారం పదకొండన్నా, పన్నెండన్నా అందడం పంపడానికి ముందు రాదు.

ఒక్క మాట గుర్తుంచుకోండి. అంకె చిన్నదైనంత మాత్రాన అది ముందు జరిగిందని కాదు. అదే పూట గోడౌన్‌లో 212వ నంబరుతో నూనె డబ్బాలు దింపారు, కొట్లో 188తో బెల్లం అమ్మారు అనుకోండి. వాటి మధ్య కబురేమీ నడవలేదు కాబట్టి ఏది ముందో ఆ అంకెలు చెప్పలేవు, మీ స్టాకుకు తెలియాల్సిన పనీ లేదు. ఒకదాని మీద ఒకటి ఆధారపడినవాటికే వరస ముఖ్యం.

మీ సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లను ఇలా అడగండి: "సరుకు అందిన ఎంట్రీని టైముతో కాకుండా చలాను నంబరుతో, పంపిన ఎంట్రీకి ముడిపెట్టండి. పంపిన ఎంట్రీ ఇంకా చేరకపోతే అందినదాన్నీ, దాని మీద జరిగిన అమ్మకాన్నీ పెండింగ్‌లో ఉంచండి." ఇదేమీ పెద్ద పని కాదు. టైమును బిల్లు మీద వేసుకోండి, కస్టమర్‌కు కావాలి.

ఈలోగా రేపే మీ వారిని వెంటబెట్టుకుని గోడౌన్‌కు వెళ్లండి. ఫోన్‌ను ఆ కంప్యూటర్ పక్కన పెట్టి రెండు టైములూ కాగితం మీద రాయండి. కొట్లోనూ అలాగే చేయండి. ఆ కాగితం ముందు ఆ కుర్రాడికే చూపించండి.