గడినుడి సందేహాలు: తల తిరిగితే తీగ ఎలా అయింది?

ప్రశ్న: పోయిన సంచిక గడినుడి (క్రాస్‌వర్డ్)లో 'తల తిరిగితే కనిపించే తీగ (2)' అన్న ఆధారానికి జవాబు 'లత' అన్నారు. తీగ అంటే లత అని తెలుసు. మరి తల తిరగడం దేనికి? ఉత్తినే 'తీగ' అని ఇస్తే సరిపోదా?

జవాబు: సరిపోతుందండీ, కానీ అప్పుడది మామూలు గడినుడి అవుతుంది. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ కూర్చిన మొట్టమొదటి గడిలో ఆధారాలు దాదాపు అలాంటివే, అర్థం చెప్పి ఊరుకుంటాయి. బ్రాకెట్లో ఉండే అంకె జవాబులోని అక్షరాల లెక్క. 'తీగ (2)' అంటే లత కావచ్చు, వల్లి కావచ్చు, కరెంటుదనుకుంటే తంతి కూడా కావచ్చు, అడ్డం నిలువు కలిసేదాకా ఏదీ తేలదు. గూఢంగా రాసిన ఆధారం ఒకే జవాబును రెండు దారుల్లో చెబుతుంది. ఒకటి అర్థం, 'తీగ'. రెండోది మాటను కట్టే పద్ధతి: 'తల' అన్న రెండక్షరాలను వెనక నుంచి చదివితే లత. రెండు దారులూ ఒకచోటే కలిశాయి కాబట్టి ఇంకే గడీ నిండకపోయినా దీన్ని పెన్నుతో రాసేయొచ్చు. ఈ ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ నిశ్చింతే. తల తిరగడం అనగానే కళ్ళు తిరగడం గుర్తొస్తుంది చూశారా, కూర్చినవాళ్ళకు కావలసింది సరిగ్గా అదే.

ప్రశ్న: ఆధారం చదవగానే టెన్షన్ వచ్చేస్తుంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు. ఏదైనా పద్ధతి ఉందా?

జవాబు: ఉంది. ముందు ఆ వాక్యం చెప్పే కథను నమ్మడం మానేయండి. అది మిమ్మల్ని పక్కకు తీసుకెళ్ళడానికే ఉంది. తర్వాత వాక్యం రెండు కొసలూ చూడండి, ఎందుకంటే అర్థం చెప్పే మాట దాదాపు ఎప్పుడూ మొదట్లోనో చివర్లోనో ఉంటుంది తప్ప మధ్యలో ఉండదు. ఆ కొసను విడిగా పెడితే మిగిలిందంతా జవాబును కట్టే సరుకే.

'పాప వనంలో గాలి (3)' తీసుకోండి. తోటలో ఆడుకునే పాప, చల్లటి గాలి, చక్కటి బొమ్మ కళ్ళ ముందుకొస్తుంది, దాన్ని పక్కన పెట్టేయండి. చివర 'గాలి' ఉంది, అది అర్థం అనుకుందాం. మిగిలింది 'పాప వనంలో'. ఇక్కడి 'లో'ను ఉన్నదున్నట్టు తీసుకుని ఆ అక్షరాల లోపల వెతకండి: పా, ప, వ, నం. మొదటి 'పా' వదిలేస్తే పవనం! మాటల మధ్య ఖాళీని కంటికి కనపడనివ్వకపోవడం ఇలాంటివాటికి బాగా పనికొస్తుంది.

అదే 'లో' ఇంకోచోట ఇంకో పని చేస్తుంది. 'కలలో మనసు మొదటే కనిపించే లక్ష్మి (3)' చూడండి. 'మనసు మొదటే' అంటే మనసులో మొదటి అక్షరం, మ. దాన్ని 'కల' లోపల పెడితే కమల, అంటే లక్ష్మి. పవనం ఉన్న అక్షరాల్లోనే దాక్కుంది, కమలలో మాత్రం ఒక అక్షరాన్ని మనమే తీసుకెళ్ళి మధ్యలో కూర్చోబెట్టాం. ఏది ఏ రకమో ముందే తెలియదు, రెండూ ప్రయత్నించాల్సిందే.

ఒక్కోసారి ముక్కలు వరసగా అతుకుతాయి. 'మాసం చివర సాకు, సన్నని చందమామ (4)'. మాసం అంటే నెల, సాకు అంటే వంక, నెల చివర వంక పెడితే నెలవంక. ఇందులో వంక అనే మాట చంద్రుడి ఒంపు నుంచి జారిపోయి సాకుగా మారిపోయింది, అందుకే ఈ ఆధారం నాకు చాలా ఇష్టం. ఇంకోసారి కోత ఉంటుంది: 'తల తీసిన కోతికి మిగిలిన నాడి (2)'. కోతి అంటే వానరం, తల అంటే మొదటి అక్షరం, అది తీసేస్తే నరం.

కాబట్టి తల, తోక, నడుము, కడుపు, మొదలు, చివర, తిరిగి, వెనక్కి, లో, చెదిరి, కొంత లాంటి మాటలు కనిపిస్తే చప్పున ఆగండి. అవి కథలో పాత్రలు కావు, మీకిచ్చే పనులు.

ప్రశ్న: 'కలం తిరగబడితే రావణుడి రాజ్యం (2)' జవాబు 'లంక' అన్నారు. సున్నను కూడా తిప్పాలి కదా?

జవాబు: అక్కర్లేదు. తెలుగు గడినుడిలో ఒక గడికి ఒక అక్షరం, గుణింతం, ఒత్తు, సున్న అన్నీ ఆ అక్షరంతోనే ప్రయాణం చేస్తాయి. క, లం అన్నవి రెండు గళ్ళు, తిప్పితే లం, క. 'స్త్రీ' అంత బరువైనదైనా ఒక్క గడిలోనే కూర్చుంటుంది. దీనివల్ల ఒక లాభం కూడా ఉంది: నిలువు పూరిస్తే అడ్డంలో దొరికే ఒక్క అక్షరం అచ్చూ హల్లూ రెండూ చెప్పేస్తుంది, ఇంగ్లిష్ గడిలో ఒక్క అక్షరం అంత సాయం చేయదు.

ప్రశ్న: ఇంగ్లిష్ గళ్ళలో అక్షరాలు తారుమారు చేసే ఆధారాలు బోలెడు. మీ గడిలో అవెందుకు అంత తక్కువ?

జవాబు: కావాలనే తగ్గిస్తున్నాం. 'వలన చెదిరిన పెద్ద కథ (3)' అని ఇచ్చామనుకోండి, వ, ల, న మూడూ అటూ ఇటూ మారిస్తే నవల. కానీ మూడు అక్షరాలకు వరసలు మొత్తం 6, నాలుగింటికి 24. కాగితం మీద రాసుకుంటూ పోతే ఆలోచించకుండానే జవాబు వచ్చేస్తుంది. ఇంగ్లిష్‌లో ఎనిమిది వేర్వేరు అక్షరాలుంటే 40,320 వరసలు, అందుకే అక్కడ ఆ ఆట పండుతుంది. మన దగ్గర తిరగబడేవి, దాక్కునేవి, ఒక మాటకు రెండు అర్థాలుండేవి ఎక్కువ రుచి.

ప్రశ్న: 'కవి తనయుడిలో కొంత కైత (3)' అన్నదానికి నేను 'పద్యము' రాశాను. మూడక్షరాలే, అర్థమూ దగ్గరే. ఎందుకు తప్పు?

జవాబు: కైతకు దగ్గర అర్థమే, ఒప్పుకుంటాను. కానీ మీ జవాబులో కవి తనయుడు ఏమయ్యాడు? 'కవి తనయుడి' అక్షరాల్లో కొంత తీసుకుంటే కవిత దొరుకుతుంది, పద్యము దొరకదు. ఆధారంలో ఏ మాటా పని లేకుండా మిగిలిపోకూడదు, మిగిలితే మీ జవాబునే అనుమానించండి, జవాబు సరైనదే అయితే కూర్చినవాళ్ళను నిలదీయండి. అర్థం కచ్చితంగా ఉండాలి, కట్టే పద్ధతి న్యాయంగా ఉండాలి, ఈ రెండూ తప్ప మూడోది ఉండకూడదు అని గట్టిగా పట్టుబట్టింది బ్రిటన్‌లో జిమెనీజ్ పేరుతో గళ్ళు కూర్చిన డెరిక్ మెక్‌నట్. అబ్జర్వర్ పత్రికలో ఆయన తర్వాత, 1972 నుంచి, ఆ గడి కూర్చినాయన పేరు అజెడ్. డెజా అనే పాత స్పెయిన్ మతాధికారి పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో తిరగేస్తే అదే వస్తుంది, పేరే ఒక ఆధారం! కష్టం ఎంతైనా పెట్టవచ్చు, మోసం మాత్రం పెట్టకూడదు. ఆ నియమాన్ని తెలుగులోనూ వదలకూడదని నా అభిప్రాయం.

ప్రశ్న: నేనే ఒకటి రాశాను. 'గుమ్మం చెదిరితే పాము విప్పేది (3)'. గుమ్మం అంటే గడప, చెదిరితే పడగ. వేసుకుంటారా?

జవాబు: పడగకు 'పాము విప్పేది' అని రాయడం చాలా బాగుంది, దాన్ని అలాగే ఉంచండి. ఇబ్బంది ముందు భాగంలో ఉంది. పూరించేవాళ్ళు మొదట గుమ్మం అంటే ఏ మాటో ఊహించాలి, ద్వారం, వాకిలి, గడప ఇలా చాలా ఉన్నాయి, ఆ ఊహించినదాన్ని మళ్ళీ చెదరగొట్టాలి. కంటికి కనపడని అక్షరాలను తారుమారు చేయమనడం న్యాయం కాదు. పైగా గడపను వెనక నుంచి చదివితే నేరుగా పడగ వస్తుంటే 'చెదిరితే' అనడం దేనికి? 'గడప వెనక్కి తిరిగితే పాము విప్పేది (3)' అని మార్చి పంపండి, వచ్చే సంచికలో అడ్డం వరసలో వేస్తాం.