విదేశీ టూర్‌లో గైడ్‌కిచ్చే డబ్బు దండగేనా?

ప్రశ్న: నమస్తే సార్. మాది కావలి. నేను ప్రభుత్వ హైస్కూల్లో టీచర్‌ని. మా వారికి రొయ్యల చెరువులున్నాయి. బాబు తొమ్మిదో తరగతి, వాడికి జంతువులన్నా పక్షులన్నా ప్రాణం. మా అమ్మకు 66 ఏళ్లు, ఆమెకు గుళ్లు, పాత రాజుల కథలు ఇష్టం. నలుగురం మొదటిసారి విదేశం వెళ్దామని ఆర్‌డీలో వేసుకున్న 5 లక్షలు చేతికొచ్చాయి. మూడు కొటేషన్లు తీసుకున్నాం. మొదటిది కెన్యా, 8 రోజులు, 36 మంది గ్రూపు, మనిషికి 2,15,000. రెండోది శ్రీలంక, 7 రోజులు, 30 మంది బస్సు, విమానంతో కలిపి మనిషికి 78,000. మూడోది కూడా శ్రీలంకే, 8 రోజులు, మా నలుగురికే ఒక వ్యాన్, డ్రైవరే గైడ్, మొత్తం 2,60,000. అయితే విమానం, పార్కు టికెట్లు వేరే. బాబు కెన్యాకే అంటున్నాడు. తగ్గే డబ్బుకు బంగారం తాకట్టు పెట్టొచ్చా, చీటీ పాడేయొచ్చా? నెలాఖరులోపు మనిషికి 25 వేలు కడితే డిస్కౌంట్ ఇస్తామంటున్నారు. గైడ్ పేరుతో ఇంత డబ్బు పెట్టడం దండగని మా వారి మాట.

జవాబు: అమ్మా, ఆ డిస్కౌంట్ గడువు మీకు టెన్షన్ పెడుతున్నట్టుంది, అందుకని ముందు దాని సంగతే చెబుతాను. బంగారం తాకట్టు పెట్టొద్దు. చీటీ పాడొద్దు. కెన్యాకు నలుగురికీ 8,60,000 అవుతుంది. మీ దగ్గరున్నది 5 లక్షలు. తగ్గే 3,60,000కి నూటికి రూపాయి వడ్డీ వేసుకున్నా నెలకు 3,600. మీ ఇంట్లో నికరమైన ఆదాయం మీ జీతం ఒక్కటే, రెండోది చెరువు మీద ఆధారపడింది. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు రొయ్యల కౌంట్ ధరలు ఎలా పడ్డాయో మీ వారికి నేను చెప్పక్కర్లేదు. అలాంటి పంట ఒకటి ఎదురైతే మేత బాకీకీ, కరెంటు బిల్లుకీ అక్కరకొచ్చేవి ఆ చీటీ, ఆ బంగారమే. వాటిని అక్కడే ఉండనివ్వండి.

కెన్యాకు డబ్బు ఒక్కటే అడ్డం కాదు. అక్కడికి వెళ్లొచ్చే మనవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందే వేయించుకుని సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోవాలి. అది లేకపోతే తిరిగొచ్చాక మన విమానాశ్రయంలోనే ఆపి క్వారంటైన్‌లో పెట్టొచ్చు. 60 దాటినవాళ్లకు ఆ టీకాతో ఇబ్బందులు వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ, డాక్టరు చూసి సరేనంటేనే వేయించాలి. అంటే అమ్మగారి విషయం డాక్టరు తేల్చకుండా మీరు అడ్వాన్స్ కట్టడానికి లేదు. పైగా అక్కడి మసాయి మారా అభయారణ్యంలో 2024 నుంచి జూలై మొదలు డిసెంబర్ దాకా విదేశీయుల్లో పిల్లలు కానివాళ్లకు పార్కు రుసుమే రోజుకు 200 డాలర్లు. అందుకే ఎవరైనా కెన్యా ప్యాకేజీ చౌకగా ఇస్తున్నారంటే మారాలో ఎన్ని రోజులు పెట్టారో ముందు చూడాలి. కోత అక్కడే పడుతుంది.

బాబుకు నా మాటగా చెప్పండి, కెన్యా వదిలేయమనడం లేదు. ఈ నెల నుంచే వాడి పేరున నెలకు 6,000 ఆర్‌డీ మొదలుపెట్టండి. ఐదేళ్లకు అసలే 3,60,000 అవుతుంది, ఇప్పుడు మీకు తగ్గిన మొత్తం సరిగ్గా అంతే. అప్పటికి వాడు డిగ్రీలో ఉంటాడు. చదువు ఖర్చుకు వేరే ఏర్పాటు జరిగిపోయి ఉంటేనే అది వాడాలి, ఆ షరతు ఇప్పుడే చెప్పి పెట్టండి.

ఇక శ్రీలంక. మద్రాసు నుంచి కొలంబోకి విమానంలో గంటన్నర. మొదటిసారి వెళ్తున్న నలుగురికి, అందులో ఒక పెద్దావిడకు, ఇంతకంటే దగ్గర దేశం లేదు. రెండు కొటేషన్లలో ఏది చౌకో అడిగితే 3,12,000 బస్సే అని ఎవరైనా చెబుతారు. ఏది గిట్టుబాటో మాత్రం ధర చూస్తే తెలియదు, ప్రోగ్రాం కాగితం చూడాలి. మీరు టీచరు కదా, ఎర్ర పెన్ను తీసుకుని ఆ కాగితాన్ని ఆన్సర్ పేపరులా దిద్దండి. అడవిలో గడిపే గంటలకూ, గైడ్ దగ్గరుండి చూపించే గుళ్లకూ, కోటలకూ మార్కు వేయండి. స్పైస్ గార్డెన్, జెమ్ మ్యూజియం, బాటిక్ ఫ్యాక్టరీ, టీ షాపు కనిపిస్తే కొట్టేయండి. వాటిలో చాలావరకు కమిషన్ దుకాణాలే. మీరు పంపిన బస్సు ప్రోగ్రాంలో అలాంటివి నాలుగు ఉన్నాయి. అడవి అనేది యాల జాతీయ పార్కులో ఒక్క జీపు రైడ్, మూడు గంటలు. సిగిరియా కొండకోట ఎదుట రాసింది ‘ఫొటో స్టాప్’ అని. అంటే ఆ కొండను రోడ్డు మీద నుంచి చూసి కదిలిపోవడమే. మూడో కొటేషన్‌లో యాలలో రెండు పూటలు, ఉదవలవెలో ఒక పూట, సింహరాజ వానల అడవిలో ఒక ఉదయం ఉన్నాయి. పూటకు మూడు నాలుగు గంటలు వేసుకుంటే పద్నాలుగు గంటల దాకా వస్తుంది. మీరు కొనేది ఆ గంటలనే. ఏసీ బస్సులు, బఫే భోజనాలు మనకు నెల్లూరులోనూ దొరుకుతాయి.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. చాలా ఏళ్ల క్రితం నేనూ మా ఆవిడా ఒక పెద్ద గ్రూపుతో విదేశంలో ఒక అడవికి వెళ్లాం. ఆ కంపెనీ పేరు ఇప్పుడు అనవసరం. నలభై మందికి ఒకే గైడ్, బస్సులో మైకు పట్టుకుని అంత్యాక్షరి ఆడించాడు. టిఫిన్లు అయి అందరూ తయారై పార్కు గేటు చేరేసరికి తొమ్మిదిన్నర. ఎండెక్కాక జంతువులన్నీ నీడకు పోయాయి. మూడు జింకల్ని చూసి వెనక్కి వచ్చాం. ఆ ఏడాది మేం దాచుకున్న సొమ్మంతా దానికే పెట్టాం. మా ఆవిడ పైకి ఏమీ అనలేదు కానీ దారి పొడవునా మాట్లాడలేదు. నేను చౌక చూశాను, వేళ చూసుకోలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మీ వారి మాటకు వస్తాను. గైడ్ దండగ అని ఆయన అనడంలో తప్పు లేదు, మైకు పట్టుకునేవాణ్ణే గైడ్ అనుకుంటే నిజంగానే దండగ. శ్రీలంకలో పర్యాటక అభివృద్ధి సంస్థ గైడ్‌లకు లైసెన్స్ ఇస్తుంది. దేశమంతా తిరిగే నేషనల్ గైడ్, బండి తోలుతూ చూపించే షోఫర్ గైడ్, ఒక ప్రాంతానికో ఒక్క చోటుకో పరిమితమైన గైడ్ అని తరగతులు ఉన్నాయి. మీ మూడో కొటేషన్‌లో డ్రైవరే గైడ్ అన్నారు కానీ లైసెన్స్ మాట లేదు. ఆయనకు షోఫర్ గైడ్ లైసెన్స్ ఉందా, ఉంటే కార్డు ఫొటో పంపమని అడగండి. ఉత్త డ్రైవరైతే ధర తగ్గించమనండి, లేదా మనిషిని మార్చమనండి. సింహరాజలో ఎలాగూ స్థానిక గైడ్ లేకుండా లోపలికి పంపరు. అక్కడ రకరకాల పక్షులు ఒకే గుంపుగా చెట్టు నుంచి చెట్టుకు కదులుతుంటాయి. తెలిసిన మనిషి పక్కనుంటే బాబుకు పది నిమిషాల్లో డజను రకాలు కనిపిస్తాయి, లేకపోతే ఆకుల చప్పుడు వినిపిస్తుంది, అంతే.

అమ్మగారికి క్యాండీ గురించి ఒక సంగతి చెప్పండి. అక్కడ బుద్ధుడి దంత ధాతువు ఉన్న దళద మాళిగావ గుడి చూడటానికే అందరూ వెళ్తారు. కానీ 1739 నుంచి 1815 దాకా క్యాండీ రాజ్యాన్ని ఏలింది మదురై వైపు నుంచి వెళ్లిన నాయకర్లు, తెలుగు మూలాలున్న వంశం. ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహను ఇంగ్లీషువాళ్లు పట్టుకుని వేలూరు కోటలో బందీగా ఉంచారు. 1832లో ఆయన అక్కడే పోయాడు. వైద్యం కోసం మన జిల్లావాళ్లు ఏటా వెళ్లే వేలూరే అది. బస్సు గైడ్ ఇది చెప్పడు, చెప్పే తీరికా ఉండదు. మంచి గైడ్ ఆ రాజభవనం ముందు ఒక గంట నిలబెట్టి చెబితే మీ అమ్మగారు ఏళ్ల తరబడి ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పుకుంటారు. నేను గైడ్‌కు డబ్బు పెట్టమనేది అందుకే.

సిగిరియా ఎక్కడానికి మెట్లు సుమారు 1,200. అమ్మగారి మోకాళ్ల సంగతి మీకే తెలియాలి. మీరూ బాబూ ఎక్కే వేళకు ఆమెను కింద తోటలో కూర్చోబెట్టే ఏర్పాటు గ్రూపు బస్సులో కుదరదు, మీ సొంత వ్యాన్‌లో కుదురుతుంది. మూడో ప్రోగ్రాంలో బెంతోట బీచ్‌లో రెండు రాత్రులు పెట్టారు. ఒకటి తీసేయించి ఆ రోజును అనురాధపురానికి ఇవ్వండి. సముద్రం మీకు తుమ్మలపెంటలోనే ఉంది.

మొత్తం ఖర్చు ఇలా వేసుకుందాం. వ్యాన్, హోటళ్లు, గైడ్ 2,60,000. విమానానికి 80,000 పక్కన పెట్టండి. జీపులు, పార్కు టికెట్లు, గుళ్ల టికెట్లకు 50,000. భోజనాలు, ఇన్సూరెన్స్, టిప్పులకు ఇంకో 50,000. అన్నీ కలిపి 4,40,000. కొటేషన్ మీరు పంపింది, మిగతావి నా అంచనా. కొనే రోజు ధర చూసి సరిచేసుకోండి. మిగిలిన 60,000ను షాపింగ్‌కు రాయకండి, ఏదైనా జరిగితే టికెట్ మార్చుకోవడానికి అది ఉండాలి. ఇంకో ముఖ్యమైన విషయం, సిగిరియా లాంటి చోట్ల మనతో సహా సార్క్ దేశాలవాళ్లకు మిగతా విదేశీయులకంటే తక్కువ టికెట్ ఉంటుంది, పాస్‌పోర్ట్ చూపించాలి. మీ ఆపరేటర్ ఏ ధర వేశాడో విడిగా రాసిమ్మనండి.

టీసీఎస్ అని, అంటే కంపెనీ మన దగ్గర ముందుగానే వసూలు చేసి కట్టే ఆదాయపు పన్ను, ఒక మొత్తం బిల్లులో కనిపిస్తుంది, కంగారు పడకండి. విదేశీ టూర్ ప్యాకేజీ మీద మొదటి రూపాయి నుంచే దాన్ని వసూలు చేస్తారు. 2023 అక్టోబర్ నుంచి 7 లక్షల దాకా 5 శాతం, ఆపైన 20 శాతం ఉండేది, 2025 ఏప్రిల్‌లో ఆ హద్దు 10 లక్షలకు పెరిగింది. బడ్జెట్‌లలో ఈ రేట్లు మారుతుంటాయి కనుక కట్టే రోజు ఎంత ఉందో బిల్లులో చూసుకోండి. అది పోయే డబ్బు కాదు. ఆదాయపు పన్ను శాఖ దగ్గర మీ పేరున జమ పడుతుంది, రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుకుంటుంది, ఎక్కువైతే వెనక్కి వస్తుంది. అందుకని బిల్లు తప్పకుండా మీ పాన్ మీద వేయించండి. అమ్మగారి పాన్ మీద వేయిస్తే ఆ కాస్త డబ్బు కోసం ఆమె చేత ప్రత్యేకంగా రిటర్న్ వేయించాలి. విమాన టికెట్ ఒక్కటే విడిగా కొంటే అది ప్యాకేజీ కిందికి రాదు, దాని మీద ఈ టీసీఎస్ ఉండదు.

అక్కడ కార్డు గీసేటప్పుడు ‘రూపాయల్లోనా, లోకల్ కరెన్సీలోనా’ అని మిషన్ అడుగుతుంది. లోకల్ అనే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకంలో ఎక్కువ కోస్తారు.

ఇన్సూరెన్స్‌లో అమ్మగారి బీపీ, షుగర్ లాంటివి ఏమున్నా దాచకుండా రాయండి. దాచి చౌక పాలసీ తీసుకున్నవాళ్లు క్లెయిమ్ దగ్గర ఇరుక్కోవడం నేను చూశాను.

ఎప్పుడు వెళ్లాలన్నది మీరు అడగలేదు కానీ డబ్బుతో ముడిపడిందే. దసరా సెలవుల్లో వద్దు, యాలలో ముఖ్యమైన భాగాన్ని చాలా ఏళ్లు సెప్టెంబర్ నుంచి అక్టోబర్ మధ్యదాకా మూస్తారు. ఏప్రిల్ మధ్యలో వాళ్ల కొత్త సంవత్సరం, రద్దీ ఎక్కువ. మీకు సంక్రాంతి సెలవులే సరైనవి, అప్పుడు దక్షిణం వైపు వానలు తగ్గి ఉంటాయి. యాల గేటు పొద్దున ఆరింటికి తెరుస్తారు. మన జీపు ఏ గేటు దగ్గర, ఎన్నింటికి ఉంటుందో రాతపూర్వకంగా అడగండి. పాలటుపాన గేటు దగ్గర జీపుల బారు ఎక్కువ, కటగమువ వైపు నుంచి వెళ్లొచ్చేమో కనుక్కోండి. చిరుత కోసం జీపు పరిగెత్తించవద్దని డ్రైవరుకు ముందే చెప్పండి. ఏనుగు సవారీ ఉంటే ప్రోగ్రాంలోంచి తీయించండి.

మీరు ప్రభుత్వ ఉద్యోగి, విదేశం వెళ్లడానికి శాఖ అనుమతి తీసుకోవాలి. ఆ కాగితం, నలుగురి పాస్‌పోర్ట్‌లు చేతికి రాకముందు తిరిగి రాని అడ్వాన్స్ ఏదీ కట్టొద్దు. డిస్కౌంట్ పోతే పోనివ్వండి. కట్టేటప్పుడు కూడా కంపెనీ బ్యాంకు ఖాతాకే కట్టండి, ఎవరి సొంత ఫోన్‌పే నంబరుకో పంపొద్దు. ఎన్ని రోజుల ముందు రద్దు చేస్తే ఎంత కోస్తారో రసీదు మీదే రాయించండి.

చివరగా ఒక చిన్న పని. టూర్‌కు ముందు, డిసెంబర్‌లో ఒక ఆదివారం తెల్లారకముందే బయల్దేరి నలుగురూ నేలపట్టు వెళ్లండి. గూడబాతులు నీళ్లలోని చెట్ల మీద గూళ్లు కట్టి ఉంటాయి. అక్కడి సిబ్బందిలో పక్షులు తెలిసిన మనిషిని అడిగి వెంట తీసుకెళ్లి, ఆయన చేతిలో మర్యాదగా డబ్బు పెట్టండి. అట్నుంచి పులికాట్ అంచుకు వెళ్లి రండి. మొత్తం రెండు మూడు వేలతో అయిపోతుంది. తెల్లవారుజామున లేచి గంటల తరబడి కదలకుండా కూర్చోవడం బాబుకు నిజంగా ఇష్టమేనా, అమ్మగారు ఎంతసేపు నడవగలరు, మీ వారికి గైడ్ మాట ఎలా అనిపించింది, ఇవి మూడూ తెలుస్తాయి. వచ్చాక మీ ఎర్ర పెన్ను గీతలున్న ప్రోగ్రాం కాగితం, గైడ్ కార్డు ఫొటో నాకు పంపండి. డబ్బు కట్టే ముందు ఒకసారి కలిసి చూద్దాం.