థీసిస్ సంగతి

రాయగడ

అమ్మలూ,

అమెరికాలో క్రిమినల్ జస్టిస్ మాస్టర్స్‌కి నీకు సీటొచ్చిందని మీ పెద్దమ్మ వీధంతా చెప్పేసింది. థీసిస్ పెట్టుకోవాలా వద్దా అని అడిగావు కదా.

డిగ్రీకి కావాల్సిన మొత్తం క్రెడిట్లు మామూలుగా థీసిస్ ఉన్నా లేకున్నా 30 నుంచి 36 దాకా ఉంటాయి. థీసిస్‌కి అందులో సాధారణంగా ఆరు పోతాయి. అది వద్దనుకుంటే రెండు కోర్సులు ఎక్కువ చదివి, ఆఖర్న చదివినదంతా కలిపి పెట్టే కాంప్రహెన్సివ్ పరీక్షో ప్రాజెక్టో ముగించుకుంటావు. కాగితం మీద తేడా అంతే. కానీ థీసిస్, దాన్ని చూసే ప్రొఫెసర్ల కమిటీ సరేననేదాకా తెమలదు. ఒక్క సెమిస్టర్ జారినా ఫీజు, అద్దె, లోన్ వడ్డీ మీ నాన్న మీద పడతాయి.

అయినా నిన్ను థీసిసే తీసుకోమంటాను. నాన్ థీసిస్ అయితే ఉద్యోగం తొందరగా వస్తుందని మీ నాన్న అంటున్నాడు. కానీ అక్కడ పోలీసు, ఫెడరల్ ఉద్యోగాలు చాలావాటికి ఆ దేశ పౌరసత్వం ఉండాలి. ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పని చేసుకోనిచ్చే గడువు, 12 నెలలే; సైన్సు, ఇంజినీరింగ్ లాంటి చదువులకిచ్చే స్టెమ్ పొడిగింపు ఈ సబ్జెక్టుకి సాధారణంగా ఉండదు. నీకేమో పాఠాలు చెప్పాలనుంది. పీహెచ్‌డీ చెయ్యక తప్పదు, దానికి థీసిస్ అక్కరకొస్తుంది.

టాపిక్ కోసం వెతుక్కోకు. సెలవుల్లో నాతో కోర్టుకొచ్చినప్పుడు చూశావే, గంజాయి మూటలు మోసిన ఆ కుర్రాడు. కోంధుల భాష కువి తప్ప మరోటి రాదు, జడ్జిగారు ఏమడిగినా పక్కనున్న కానిస్టేబుల్ మొహం చూశాడు. గంజాయి 20 కిలోలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ, అంటే వ్యాపారానికి సరిపడేంత సరుకని లెక్క. మత్తుమందుల చట్టం ఎన్‌డీపీఎస్‌లో 37వ సెక్షన్ అడ్డొస్తుంది, బెయిల్ గగనం. మోయించినవాడు ఎక్కడున్నాడని ఇంటికొచ్చేదాకా నన్ను అడుగుతూనే ఉన్నావు.

ఖైదీలతో మాట్లాడతానని మాత్రం ప్రపోజల్లో రాయకు. యూనివర్సిటీలో, మనుషులతో చేసే పరిశోధనని ముందే పరిశీలించే ఐఆర్‌బీ కమిటీ అనుమతి కావాలి, ఖైదీల విషయంలో వాళ్ల నిబంధనలు మరీ కట్టుదిట్టం. ఇక్కడ జైళ్ల శాఖ పర్మిషన్ వేరే. ఆ తిరుగుళ్లకే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. దానికి బదులు, కటక్ హైకోర్టు బెయిల్ ఉత్తర్వులు ఆన్‌లైన్లో దొరుకుతాయి. సరుకు ఎంత, ఎన్నాళ్లు లోపలున్నాడు, బెయిల్ ఏ కారణంతో ఇచ్చారు లేదా కాదన్నారు, ఇవి పట్టికగా రాసుకుంటూ పో. ఒక్కదానివే చెయ్యగల పని అది.

గైడ్‌ని చూసుకున్నాకే సంతకం పెట్టు. ఆ ప్రొఫెసర్ దగ్గర చేసిన పిల్లల్ని, డ్రాఫ్టు ఇస్తే ఎన్నాళ్లకి చదివి తిరిగిచ్చేవారో అడుగు. పేరున్న మనిషైనా నెలల తరబడి పట్టించుకోకపోతే నీకు టెన్షనే. మధ్యలో నాన్ థీసిస్‌కి మారొచ్చో లేదో డిపార్ట్‌మెంట్‌ని మెయిల్లోనే అడిగి జవాబు దాచుకో.

ప్రపోజల్ రాశాక నాకు పంపు, సెక్షన్లు సరిచూసి పెడతాను.

మీ పెదనాన్న