ఉద్బోధించడం వేరు, ఒప్పించడం వేరు

ప్రశ్న: నేను బ్యాంకు పరీక్షలకు సిద్ధమవుతున్నాను. ఆంగ్ల పత్రికల్లో ‘ఎగ్జార్ట్’ అనే క్రియ తరచుగా కనిపిస్తోంది. నిఘంటువులో ‘ఉద్బోధించు’ అని ఉంది. మేము చర్చిలో చదివే తెలుగు బైబిల్లో మాత్రం అదే మాటకు ‘హెచ్చరించు’ అని ఉంది. ఏది సరైనది? ‘అర్జ్’, ‘పర్‌స్వేడ్’ అనే క్రియలకూ దీనికీ తేడా ఏమిటి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రెండూ సరైనవే, కాకపోతే కాలం మారింది. బైబిల్లోని రోమా పత్రిక (రోమీయులకు పౌలు రాసిన లేఖ) 12వ అధ్యాయం 8వ వచనంలో ఆంగ్లంలో ‘ఎగ్జార్ట్’ ఉన్నచోట తెలుగులో ‘హెచ్చరించువాడైతే హెచ్చరించుటలోను’ అని ఉంటుంది. ఇప్పుడు మనం హెచ్చరించడమంటే ముప్పు గురించి ముందుగా చెప్పడమో, కాస్త బెదిరించడమో అనుకుంటున్నాం గానీ, దేవుడు కొలువుకు వేంచేసేటప్పుడు ‘హెచ్చరిక’ పాడే భజన సంప్రదాయం తెలిసినవారికి ఆ మాటలో మేలుకొలుపు ధ్వనే ముందు వినిపిస్తుంది. అయినా పరీక్షలో ‘హెచ్చరించు’ అన్న అర్థాన్ని గుర్తు పెట్టుకుంటే ‘వార్న్’ అనే క్రియతో పొరబడే ప్రమాదం ఉంది కాబట్టి, ‘ఉద్బోధించు’, ‘పురికొల్పు’ అన్నవే మీకు క్షేమం.

నన్నడిగితే, నిఘంటువు కన్నా మన దినపత్రికలే దీనికి చక్కని మాట ఇచ్చాయి. ‘రక్తదానానికి యువత ముందుకు రావాలని పిలుపునిచ్చారు’ అని రాస్తారే, ఆ ‘పిలుపునివ్వడం’ దాదాపుగా ‘ఎగ్జార్ట్’ చేయడమే. 1942 ఆగస్టు 8న బొంబాయి గోవాలియా ట్యాంక్ మైదానంలో గాంధీజీ ‘డూ ఆర్ డై’ అని ప్రజలకు ఇచ్చిన సందేశాన్ని చెప్పడానికి ఈ క్రియ అతికినట్టు సరిపోతుంది. చెప్పేవారికి ఎంతో కొంత పెద్దరికం, మాటలో ఆవేశం, చేయమంటున్న పని మంచిదన్న నమ్మకం – ఈ మూడూ ఇందులో ఉంటాయి. అందుకే సెలవు చీటీలో మేనేజరుగారిని ‘ఎగ్జార్ట్’ చేయకూడదు. అక్కడ ‘రిక్వెస్ట్’ చాలు.

‘అర్జ్’కు ఈ పెద్దరికంతో పని లేదు. కాలనీవాసులు కలెక్టరును ‘అర్జ్’ చేయవచ్చు, కలెక్టరు కాలనీవాసులను ‘అర్జ్’ చేయవచ్చు. గట్టిగా కోరడం దాని సారం. ‘అర్జ్‌డ్ కాషన్’ అన్నట్టుగా దాని వెనుక నేరుగా నామవాచకాన్ని కూడా పెట్టవచ్చు. ‘ఎగ్జార్ట్’ను అలా వాడరు.

‘పర్‌స్వేడ్’ దగ్గరే అసలు మెలిక ఉంది. ‘ఎగ్జార్ట్’, ‘అర్జ్’ చెప్పినవారి ప్రయత్నాన్ని మాత్రమే తెలుపుతాయి. విన్నవారు ఆ పని చేశారో లేదో వాటిని బట్టి తెలియదు. ‘పర్‌స్వేడెడ్’ అన్నామంటే ఎదుటివారు ఒప్పుకున్నారనే అర్థం. కౌరవసభలో శ్రీకృష్ణుడు సంధి చేసుకొమ్మని దుర్యోధనునికి ఎంత చెప్పినా అతడు వినలేదు కనుక అక్కడ ‘అర్జ్‌డ్’ అనాలే తప్ప ‘పర్‌స్వేడెడ్’ అనకూడదు. యుద్ధరంగంలో అదే కృష్ణుడు యుద్ధం చేయమని అర్జునునికి చేసింది ఉద్బోధ. చివరికి అర్జునుడు ‘కరిష్యే వచనం తవ’ (నీవు చెప్పినట్టే చేస్తాను) అన్నాడు కనుక అక్కడ ‘ఎగ్జార్టెడ్’, ‘పర్‌స్వేడెడ్’ రెండూ చెల్లుతాయి. ‘పర్‌స్వేడెడ్ హిమ్ టు గో, బట్ హి డిడ్ నాట్ గో’ వంటి వాక్యాన్ని తప్పులు పట్టే ప్రశ్నల్లో ఇస్తే ఎక్కడ వేలు పెట్టాలో ఇక మీకు తెలుసు.

వాక్యనిర్మాణంలో మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఒకటుంది. తెలుగులో ‘విద్యార్థులకు’ ఉద్బోధించారు అంటాం కాబట్టి ఆ ‘కు’ను వెంటబెట్టుకుని ‘ఎగ్జార్టెడ్ టు ద స్టూడెంట్స్’ అని రాసేస్తారు. అక్కడ ‘టు’ అక్కరలేదు. ‘ద టీచర్ ఎగ్జార్టెడ్ ద స్టూడెంట్స్ టు రీడ్’ – క్రియ వెంటనే మనుషులు, ఆ తరువాతే ‘టు’, దానితో చేయవలసిన పని. ‘అర్జ్’కూ, ‘పర్‌స్వేడ్’కూ ఇదే వరస.

‘ఎగ్జార్ట్’ను పలికేటప్పుడు అందులోని ‘హెచ్’ అక్షరం వినిపించదు. రాసేటప్పుడు మాత్రం దాన్ని వదలకండి, దాని చోట ‘టి’ని అసలే రానివ్వకండి. ‘ఎక్స్‌టార్ట్’ అంటే బెదిరించి డబ్బు గుంజడం. ప్రధానోపాధ్యాయుడు పిల్లలకు ఉద్బోధించారని రాయబోయి ఆ ఒక్క అక్షరం మార్చారంటే ఆయన మీద కేసు పెట్టినట్టే అవుతుంది.