సీపీఏ పరీక్ష: భారతీయ అకౌంటింగ్ చదువుతో వచ్చినవారు ఎలా సిద్ధపడాలి?

సందేహం: హైదరాబాదులో ఎం.కాం. చదివి, కొన్నేళ్లు ఆడిట్ కార్యాలయంలో పనిచేశాను. మావారి ఉద్యోగం వల్ల హెచ్4 వీసా మీద న్యూజెర్సీ వచ్చాను. అమెరికాలో అకౌంటెంట్లకు ఇచ్చే సీపీఏ అర్హత కోసం ఫార్ (ఆర్థిక అకౌంటింగ్, నివేదికలు) పేపరు వీడియో పాఠాలన్నీ పూర్తిచేశాను. అయినా అభ్యాస ప్రశ్నల్లో సగం తప్పుతున్నాయి. లోపం ఎక్కడుంది?

సమాధానం: పాఠాలన్నీ విన్న తరువాతే ప్రశ్నల జోలికి వెళ్లడం మనవాళ్లలో చాలామందికి ఉన్న అలవాటు. వింటున్నంతసేపూ అంతా తెలిసినట్టే ఉంటుంది, ఎందుకంటే తరుగుదల, కన్సాలిడేషన్, నగదు ప్రవాహ పట్టిక మీకు కొత్తవి కావు. ఆ పరిచయమే మిమ్మల్ని ఏమరుస్తోంది. ఒక అంశం విన్న రోజే దాని ప్రశ్నలు చేయండి. తెలిసిన అంశమైతే పాఠం వినకముందే చేసి, తప్పిన చోట మాత్రమే పాఠం వినండి.

తప్పిన ప్రతి ప్రశ్నకూ కారణాన్ని మీ సొంత మాటల్లో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. నియమం తెలియక తప్పిందా, ప్రశ్న సరిగా చదవక తప్పిందా, లేక భారతీయ నియమాన్ని వర్తింపజేసినందువల్ల తప్పిందా అన్నది విడివిడిగా గుర్తించాలి. మీవంటి అనుభవం ఉన్నవారికి మూడోది ఎక్కువగా ఎదురవుతుందని నా నమ్మకం. భారతీయ ప్రమాణాల ప్రకారం స్థిరాస్తుల (ఫిక్స్‌డ్ అసెట్ల) విలువను పెంచి చూపవచ్చు, అభివృద్ధి ఖర్చును షరతులకు లోబడి ఆస్తిగా నమోదు చేయవచ్చు, ఒకసారి తగ్గించిన స్థిరాస్తి విలువను పరిస్థితులు మెరుగైతే తిరిగి పెంచవచ్చు. అమెరికా ప్రమాణాల్లో స్థిరాస్తుల పునర్మూల్యాంకనం లేదు, అభివృద్ధి ఖర్చు చాలా వరకు ఆ ఏడాది ఖర్చుగానే పోతుంది, వాడకంలో ఉన్న ఆస్తికి తగ్గించిన విలువను మళ్లీ పెంచకూడదు. చివర కొన్న సరుకే ముందు అమ్ముడైనట్టు లెక్కించే లైఫో పద్ధతి మనదగ్గర నిషిద్ధమైనా ఇక్కడ చెల్లుతుంది. ఇటువంటి భేదాలను ఒక పేజీలో రెండు నిలువు వరుసలుగా రాసుకుని, వారానికోసారి చూడకుండా తిరిగి రాయండి.

రెగ్ పేపరులో, అంటే పన్నులూ వ్యాపార చట్టాల పేపరులో, ఈ చిక్కు ఇంకా లోతుగా ఉంటుంది. భారతదేశంలో భాగస్వామ్య సంస్థే పన్ను కడుతుంది, లాభంలో భాగస్వామి వాటాకు అతని చేతిలో మినహాయింపు ఉంటుంది. ఇక్కడ సంస్థ సాధారణంగా ఆదాయపు పన్ను కట్టదు. లాభం భాగస్వాముల రిటర్నుల్లోకి వెళుతుంది. భార్యాభర్తలు కలిసి ఒకే రిటర్ను వేయడం కూడా మనకు కొత్త. కాబట్టి ఈ పేపరును పూర్వజ్ఞానం లేని విద్యార్థిలా మొదటినుంచి చదవడమే మేలు.

2024 జనవరి నుంచి అమలులో ఉన్న విధానంలో ఫార్, ఆడ్ (ఆడిటింగ్), రెగ్ అందరికీ తప్పనిసరి; బార్ (వ్యాపార విశ్లేషణ, నివేదికలు), ఐఎస్‌సీ (సమాచార వ్యవస్థలు, నియంత్రణలు), టీసీపీ (పన్నుల అమలు, ప్రణాళిక) పేపర్లలో ఒకటి మీ ఎంపిక. ఒక్కో పేపరు 4 గంటలు, ఉత్తీర్ణతకు 75 స్కోరు కావాలి. ఇది నూటికి 75 సరైన జవాబులని అర్థం చేసుకోకండి. ప్రశ్నల కఠినత్వాన్ని కూడా లెక్కించి కొలమానంపై ఇచ్చే స్కోరు ఇది. మీ నేపథ్యానికి ఫార్ ముందు రాయడం సరైనదే, ఆ పునాది బార్‌కూ పనికివస్తుంది.

ఫార్‌లో 50 బహుళైచ్ఛిక ప్రశ్నలు, 7 సిమ్యులేషన్లు ఉంటాయి, రెండింటికీ సమాన భారం. ఒప్పందాలూ ఈమెయిళ్లూ ఇన్వాయిసులూ ముందుపెట్టి, వాటిలోంచి కావలసిన అంకెలు ఏరి నమోదు చేయమనే సిమ్యులేషన్లను చివరి వారాలకు వదిలేసేవారు చాలామంది ఉన్నారు. ఇది పెద్ద పొరపాటు; ప్రతి అధ్యాయంతోపాటే వాటిని చేయాలి. పేపరులోని 5 విభాగాల్లో ఒకటి ముగించాక వెనక్కి వెళ్లే వీలుండదు కనుక, గడియారం పెట్టుకుని పూర్తి నిడివి పరీక్షలు రాయడం అలవాటు చేసుకోండి. మూడో విభాగం తరువాత ఇచ్చే 15 నిమిషాల విరామం పరీక్ష సమయంలోకి రాదు, దాన్ని తప్పక వాడుకోండి. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలవద్దు. ఈ పరీక్షను రూపొందించే ఏఐసీపీఏ సంస్థ ఉచితంగా ఇచ్చే బ్లూప్రింట్లలో, అంటే పరీక్షాంశాల పట్టికల్లో, ఏ అంశాన్ని గుర్తుంచుకుంటే చాలో, దేన్ని విశ్లేషించగలగాలో స్పష్టంగా ఉంటుంది. మీరు కొన్న పాఠాల కన్నా ముందు దాన్ని చదవండి. ఏఐసీపీఏ నమూనా పరీక్షను కూడా చేస్తే అసలు పరీక్షలోని స్ప్రెడ్‌షీటు చేతికి అలవాటవుతుంది.

చదువుకు సంబంధించినది కాకపోయినా మనవాళ్లకు తప్పక చెప్పవలసినది ఒకటుంది. దరఖాస్తులో ఇచ్చే పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉంటే పరీక్షా కేంద్రంలో వెనక్కి పంపే ప్రమాదం ఉంది. తేదీ బుక్ చేసుకునే ముందే రెండింటినీ పక్కపక్కన పెట్టి సరిచూసుకోండి.