ట్యాబ్ ఉంటే ల్యాప్‌టాప్ అక్కర్లేదా?

ప్రశ్న: మా అమ్మాయి బీకామ్ కంప్యూటర్స్‌లో చేరింది. "రేపంతా ట్యాబ్‌లదే, ల్యాప్‌టాప్ ఎందుకు నాన్నా" అంటోంది. కీబోర్డుతో వచ్చే ట్యాబ్ కొనిస్తే చదువు అయ్యేదాకా సరిపోతుందా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: పాఠాలు వినడానికి, పీడీఎఫ్‌లు చదవడానికి, పెన్నుతో నోట్సు రాసుకోవడానికి ట్యాబ్ చాలా బాగుంటుంది. చిక్కంతా పద్దులు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీతోనే. దాని ఇప్పటి రూపమైన ట్యాలీప్రైమ్ విండోస్ మీదే ఇన్‌స్టాల్ అవుతుంది. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లోకీ ఐప్యాడ్‌లోకీ ఎక్కదు. ఎక్సెల్ ఎక్కుతుంది గానీ అందులో మాక్రోలు (ఒకే పనిని మళ్లీమళ్లీ దానంతటదే చేసే చిన్న ప్రోగ్రాములు) నడవవు. పైగా తెర 10.1 అంగుళాలు దాటితే ఫైలు చూడటమే ఉచితం, దిద్దాలంటే మైక్రోసాఫ్ట్ 365 చందా కట్టాలి. 11 అంగుళాల ట్యాబ్ కొనేవారికి షాపులో ఈ సంగతి ఎవరూ చెప్పరు.

అలాగని మీ అమ్మాయి మాట కొట్టిపారేయలేం. 2002లో విండోస్ ఎక్స్‌పీతో టాబ్లెట్ పీసీలు వచ్చినా, మౌస్ కోసం చేసిన సన్న బటన్లనే వాటిలో పెన్నుతో నొక్కాల్సి వచ్చేది. జనం పెద్దగా కొనలేదు. 2010 నాటి ఐప్యాడ్‌లో ప్రతిదీ వేలికోసమే చేశారు, అందుకే నిలిచింది. వేలికి అందాలంటే బటన్ సుమారు 9 మిల్లీమీటర్లుండాలని ఆండ్రాయిడ్ యాప్‌లు రాసేవారికి గూగుల్ చెబుతుంది. ఇబ్బందీ అక్కడే ఉంది: అంత పెద్ద బటన్లు పెడితే తెరలో పట్టేవి కొన్నే. పద్దుల పనికి అది ఇరుకు. 2020లో ఐప్యాడ్‌కు కూడా ట్రాక్‌ప్యాడ్‌ను పూర్తిస్థాయిలో జతచేయక తప్పలేదు. ఇక ముందు ట్యాబ్ ల్యాప్‌టాప్‌ను తుడిచిపెట్టదు, రెండూ ఒకదాని గుణాలు ఒకటి తెచ్చుకుంటాయని మా అంచనా.

ఒక్కటే కొనగలిగితే విండోస్ ల్యాప్‌టాప్ కొనండి: 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ తప్పనిసరి. తెర పూర్తిగా వెనక్కి మడిచే టచ్ రకం మీ బడ్జెట్‌లో వస్తే మరీ మంచిది. కాలేజీ ల్యాబ్‌లో ట్యాలీ రోజూ చేతికందుతుందంటే మాత్రం ట్యాబ్ చాలు.

ప్రశ్న: టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐ అడాప్టర్ కొన్నాను. ఫ్రెండ్ ట్యాబ్‌కు పెడితే టీవీలో బొమ్మ వస్తోంది, నా ట్యాబ్‌కు రావడం లేదు.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: అడాప్టర్ బాగానే ఉంది. సాకెట్ ఒకేలా కనిపించినా, చవక ట్యాబ్‌లు చాలావాటిలో టైప్-సి నుంచి బొమ్మ బయటికి రాదు. చార్జింగ్, ఫైళ్లు మాత్రమే వెళ్తాయి. స్పెసిఫికేషన్లలో "డిస్‌ప్లేపోర్ట్" అని ఉందేమో చూడండి. లేకపోతే వైఫై మీద క్యాస్ట్ చేయడమే (తీగ లేకుండా బొమ్మను టీవీకి పంపడమే) దారి. సినిమాకు ఫర్వాలేదు, టైపింగ్‌కు మాత్రం అక్షరం కొంచెం ఆలస్యంగా పడుతుంది.

ప్రశ్న: చార్జింగ్ పెట్టగానే ట్యాబ్ తెర దానంతటదే నొక్కుకుంటోంది. తెర మార్చాలా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: తొందరపడకండి. తీగ పీకగానే ఆగిపోతే తప్పు చార్జర్‌దే. మన వేలు తగిలినప్పుడు వచ్చే అతి చిన్న విద్యుత్ మార్పును తెర పసిగడుతుంది. నాసిరకం చార్జర్ నుంచి వచ్చే అలజడిని కూడా అది వేలే అనుకుంటుంది. ముందు కంపెనీ చార్జర్, కేబుల్‌తో చూడండి. తీగ లేనప్పుడూ అలాగే ఉంటే తెర తుడిచి, స్క్రీన్ గార్డు తీసి చూడండి. వెనుక మూత ఉబ్బినట్టుంటే అది బ్యాటరీ: వెంటనే వాడటం, చార్జింగ్ రెండూ ఆపేసి సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి.