ఒంటిమీద గాయం లేకపోతే పరిహారం రాదా?

ప్రశ్న: మా ఆయన పరవాడలో ఒక ఫార్మా కంపెనీలో కాంట్రాక్టు కార్మికుడు. 2025 మొదట్లో రియాక్టర్ పేలినప్పుడు ఒళ్లు కాలిపోయిన తోటి కార్మికుణ్ని బయటికి మోసుకొచ్చారు. ఆయనకు దెబ్బలేమీ తగల్లేదు. కానీ అప్పట్నుంచి నిద్ర లేదు. సైరన్ వింటే వణికిపోతారు, గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చేస్తారు. కాంట్రాక్టరు పాతిక వేలు ఇచ్చి, ఇక బాకీ ఏమీ లేదని సంతకం పెట్టించుకున్నాడు. ఇంకేమైనా దారి ఉందా?
– ఒక సోదరి, గాజువాక

జవాబు: ఉందమ్మా. ముందు ఆ సంతకం గురించి భయపడకండి. పరిహారం హక్కు వదులుకుంటున్నట్టు రాయించుకున్న కాగితం చెల్లదని ఉద్యోగుల పరిహార చట్టం (1923) 17వ సెక్షన్ చెబుతోంది.

రక్తం కారితేనే గాయమని ఆ చట్టంలో ఎక్కడా లేదు. మన చట్టానికి మాతృక ఇంగ్లండు చట్టమే. 1910లో అక్కడి కోర్టు ముందుకు అచ్చం మీ ఆయనలాంటి మనిషే వచ్చాడు. బొగ్గు గనిలో తోటివాడు నలిగిపోతే బయటికి తీసి, ఆ దిగ్భ్రాంతితో పని చేయలేకపోయాడు. అదీ కాలు విరగడంతో సమానమైన గాయమేనని కోర్టు తీర్పిచ్చింది.

ఇప్పుడు ప్రమాదం నాటి జీతం చీటీ తీసి చూడండి. ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) కోత ఉంటే క్లెయిమ్ అక్కడే పెట్టాలి, పరిహార చట్టం కింద విడిగా అడగడం కుదరదు. ఇక్కడే చాలా కుటుంబాలు నష్టపోతున్నాయి. డాక్టరు మామూలు జబ్బని రాస్తే జీతంలో 70 శాతం, అదీ ఏడాదికి 91 రోజులే. పనిలో జరిగిన ప్రమాదం వల్ల అని నమోదైతే, పని చేయలేనన్నాళ్లూ 90 శాతం వస్తుంది. శాశ్వత వైకల్యమని మెడికల్ బోర్డు తేలిస్తే నెలనెలా జీవితాంతం ఇస్తారు. అందుకే ప్రమాద రిపోర్టు ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసుకు వెళ్లిందో లేదో కనుక్కోండి. వెళ్లకపోతే మీరే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.

ఈఎస్ఐ లేకపోతే కార్మిక శాఖలోని పరిహార కమిషనర్ దగ్గర కేసు వేయాలి. కాంట్రాక్టరుతో పాటు కంపెనీనీ ప్రతివాదిగా చేర్చండి, 12వ సెక్షన్ ప్రకారం అసలు యజమానీ బాధ్యుడే. గడువు ప్రమాదం నుంచి రెండేళ్లు. దాటితే సరైన కారణం చూపి మన్నింపు కోరవచ్చు కానీ అంతదాకా తెచ్చుకోవద్దు. 2025 నవంబరు 21న ఈ చట్టాల స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చినా, ప్రమాదం అంతకుముందుది కాబట్టి మీకు పాత చట్టమే.

కేసు నిలబడేదీ పడిపోయేదీ సైకియాట్రిస్టు కాగితం మీదే. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తీసుకెళ్లండి. ప్రమాదం తేదీ, ఆయన చూసినది, లక్షణాలు మొదలైన రోజు, సంపాదన శక్తి ఎంత శాతం పోయిందన్నది అందులో ఉండాలి. ఇది ముందు నుంచీ ఉన్న జబ్బేనని, తాగుడు వల్లేనని అవతలి వకీలు తప్పకుండా వాదిస్తాడు. ప్రమాదానికి ముందు ఏడాది హాజరు వివరాలు, ఆ రోజు పక్కనున్నవాళ్ల వాంగ్మూలాలు ఇప్పుడే సంపాదించండి.

ఎవరెంత ఒత్తిడి చేసినా, ఆరోగ్యం బాగాలేక మానేస్తున్నానని రాజీనామా మాత్రం ఇవ్వనీయకండి.

లాయరు ఖర్చుకు వెనుకాడకండి. పారిశ్రామిక కార్మికులకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, నంబరు 15100. కేసు తేలేదాకా వైద్యం ఆగకూడదు. రాత్రిళ్లు ఆయన మరీ కలవరపడితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.